ఖాదర్ భాయ్ చేసిన పదిహేడు ఫోన్లు

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో చింతపండు పిసుకుతుంటే హాల్లోంచి 'టంగ్' మని చప్పుడు వచ్చింది. కంప్యూటర్‌కి ఏదైనా నచ్చనప్పుడు చేసే చప్పుడు అది. మా అమ్మాయి తన ఫోన్లో ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి మారుస్తోంది. చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తి, "ఆగు! స్కిప్ నొక్కకు!" అని అరిచాను. పిల్ల హడలిపోయింది. "ఏటమ్మా, దానికేనా? నాలుగు ఫైళ్ళు కదలనంటన్నాయి, అంతే కదా," అంది. నిజమే, నాలుగు ఫైళ్ళే. అయినా ఎందుకు కదలలేదో చదివాకే వెళ్ళి చేతులు కడుక్కున్నాను. ఆ చప్పుడు వింటే నాకు ఖాదర్ భాయ్ గుర్తొస్తారు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. అనకాపల్లిలో ఆయనకి ఒక ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళి ఫొటోలు కంప్యూటర్లో సర్ది ఆల్బమ్‌లు తయారుచేసే పనిలో నేను అక్కడ ఆరేళ్ళు ఉన్నాను.

నేను చేరేటప్పటికి ఆయనకి అరవై దాటాయి. భార్య పోయి నాలుగేళ్ళు. నక్కపల్లి నుంచి రాంబిల్లి దాకా, అటు పూడిమడక దాకా ఆయన కెమెరా తిరగని పెళ్ళిపందిరి లేదంటే నమ్మండి. ఆయనకి ఒక అలవాటుండేది, నాకు ఒళ్ళుమండే అలవాటు. కంప్యూటర్లో ఒక్కో పెళ్ళికి ఒక్కో ఫోల్డరు ఉంటుంది కదా, దానికి ఎవరైనా నంబరో తేదీయో పెట్టి ఊరుకుంటారు. ఈయన పెట్టే పేరు చదవడానికి ఒక గుక్క ఊపిరి చాలదు. 'పూడిమడక మేరుగు నూకరాజు రెండో కూతురు పెళ్ళి రాంబిల్లి సంబంధం పెళ్ళికొడుకు మేనమామది ఐస్ ఫ్యాక్టరీ.' ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లో, ఒంటివేలితో, పొద్దున్నంతా కూర్చుని కొట్టేవారు. నంబర్లు పెడదాం భాయ్ అని నేను పోరుతూనే ఉండేదాన్ని.

"నంబరుకి మొకం ఉంటాదేటమ్మా?" అనేవారు. "పూడిమడకలో నూకరాజులు ఎంతమందున్నారో తెలుసా నీకు? రేపెవరో వచ్చి మా బావ ఫొటో కావాలంటే, ఏ బావ అని అడుగుతావా?"

"అడుగుతాను. తప్పేముంది?"

"ఆళ్ళింట్లో కూకుని బోయినం సేసేం. ఇప్పుడు నువ్వెవరూ అనడిగితే ఆళ్ళకెలాగుంటాది?"

ఆ వేసవి పెళ్ళిళ్ళకి పాత డిస్కు నిండిపోయింది. కొత్తది, పెద్దది వచ్చింది. ఫొటోలన్నిటినీ ఒకచోట చిన్నచిన్న బొమ్మలుగా చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడేవాళ్ళం. ఫొటోలని ఒక డిస్కులోంచి ఇంకో డిస్కులోకి మార్చాలన్నా దానిలోంచే మార్చాలి. నేను మహా తెలివిగా కొత్త డిస్కులో ఏడాదికో అర, దానిలో నెలకో అర, దానిలో ఊరికో అర కట్టి, పాత ఫోల్డర్లన్నిటినీ వాటిలోకి లాగాను. టంగ్. కొన్ని ఫైళ్ళు కదలలేదంటూ ఒక పెట్టె వచ్చింది. స్కిప్ నొక్కాను. మళ్ళీ టంగ్. విసుగొచ్చి, అన్నిటికీ ఇదే జవాబు అన్న గడిలో టిక్కు పెట్టేశాను. ఎందుకు కదలలేదో కింద రాసి ఉంది. చదవలేదు. చదివే ఓపిక ఉంటే నేనే కలెక్టరయ్యేదాన్ని. పని అయ్యాక చూస్తే తెర మీద బొమ్మలన్నీ ఎక్కడివక్కడ ముచ్చటగా ఉన్నాయి. మర్నాడు పాత డిస్కు తుడిచేసి, దాని మీద కొత్త పెళ్ళిళ్ళ వీడియోలు ఎక్కించేశాను.

మూడు వారాల తర్వాత పూడిమడక నుంచి మేరుగు నూకరాజు కోడలు నూకరత్నం వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, చంకలో ఆరునెలల బిడ్డ. ఆమె భర్త ఎల్లాజీ వేటకి వెళ్ళి, పడవ తిరగబడి పోయాడు. పెద్దకార్యానికి ఫొటో కావాలి. "మా పెళ్ళికి ఫొటోలు తీయించుకోలేదమ్మా. మా ఆడబడుచు పెళ్ళికి మీరే తీసేరు. ఉన్న ఒక్క ఆల్బమూ వానకి తడిసి అట్టకట్టేసింది. ఫోను ఆయనతోటే ములిగిపోయింది. ఆధార్ కార్డులో ఉన్నాడుగానీ ఆ మొకం ఆయనది కాదు," అంది. బిడ్డ వైపు చూసి, "ఈడికి అయ్య మొకం తెలియాల కదా," అంది.

నూకరాజు రెండో కూతురు పెళ్ళి తెరిచాను. గోరంత గోరంత బొమ్మలు వరసగా వచ్చాయి. "అదుగో, పచ్చ సొక్కా! ఆయనే!" అంటూ నూకరత్నం తెర మీద వేలు పెట్టేసింది. "పెద్దది సెయ్యమ్మా." నొక్కాను. తెరంతా బూడిదరంగైపోయింది. మధ్యలో ఒక ప్రశ్నార్థకం. కింద, అసలు ఫైలు దొరకలేదని ఒక వాక్యం. పక్క ఫొటో నొక్కాను. అదీ అంతే. ఇంకోటి, ఇంకోటి. ఆ గోరంత బొమ్మలు సాఫ్ట్‌వేర్ తన గుర్తుకోసం దాచుకున్న నకళ్ళు. అసలు ఫొటోలు ఎక్కడా లేవు.

"ఏటయ్యిందమ్మా? కనిపిత్తన్నాడు కదా?" అంది నూకరత్నం.

కంప్యూటర్ మొరాయిస్తోంది, రెండ్రోజులాగి రమ్మని అబద్ధం చెప్పి పంపేశాను. ఆవిడ అలా మెట్లు దిగగానే ఇలా కదలని ఫైళ్ళ జాబితా బయటికి తీశాను. పేజీలకి పేజీలు. ప్రతి వరుస చివరా ఒకటే కారణం: పేరు మరీ పొడుగు. అరల పేర్లూ ఫోల్డరు పేరూ అన్నీ కలిపి కంప్యూటర్ ఇంత పొడుగుకి మించి ఒప్పుకోదట. భాయ్ పెట్టిన పొడుగాటి పేర్లకి నేను కట్టిన అరల పేర్లు తోడై హద్దు దాటేశాయి. కదలని ఫొటోలన్నీ పాత డిస్కులోనే ఉండిపోయాయి, దాన్ని నా చేత్తో నేనే తుడిచేశాను. అక్కడే ఆగి చదివి ఉంటే పేర్లు కుదించి మార్చుకునేదాన్ని, పది నిమిషాల పని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

భాయ్ మధ్యాహ్నం నమాజు చేసి వచ్చేదాకా ఆగి అంతా చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. ఆ సాయంత్రమే పాత డిస్కు పట్టుకుని, పోయిన ఫైళ్ళు వెలికితీసే తెలిసినాయన దగ్గరికి విశాఖ వెళ్ళారు. పైన కొత్త వీడియోలు ఎక్కేశాయి, కింద ఏమీ మిగల్లేదని ఆయన చెప్పాడట. మర్నాడు నేనే నోరు తెరిచాను. "ఎవరికీ తెలీదు భాయ్. పాత పెళ్ళిళ్ళు. ఎవరైనా వస్తే అప్పుడు ఏదో ఒకటి చెబుదాం."

"నూకరత్నం వచ్చింది కదా, ఏటి సెప్పేవు?" అన్నారు. కంప్యూటర్ మొరాయిస్తోందని చెప్పానన్నాను. "నా పేర్లు పొడుగు, నీ సెయ్యి తొందర. సగం సగం. ఆ కాగితాలు ఇలాగియ్యి," అన్నారు. జాబితా ఇంటికి పట్టుకెళ్ళి, శనివారం ఒక తెల్లకాగితం మీద పదిహేడు ఇళ్ళవాళ్ళ పేర్లూ నంబర్లూ రాసుకొచ్చారు. ఆ పొడుగాటి పేర్ల పుణ్యమా అని ఎవరివి పోయాయో వెతకాల్సిన పనే లేకపోయింది.

మొదటి ఫోను నూకరత్నానికి, పక్కింటివాళ్ళ నంబరుకి. "అమ్మా, నేను ఖాదర్‌ని. మీ ఆయన ఫొటోలు మా దగ్గర పోయేయి. కంప్యూటర్ పాడవలేదు. తప్పు మాదే." అవతల బిడ్డని ఊరుకోబెడుతున్న చప్పుడు. తర్వాత, "ఆ సిన్నదైనా ఇయ్యండి బాబూ," అని వినబడింది. వచ్చి, మేం అచ్చేసిచ్చిన తపాలా బిళ్ళంత ముక్కని కొంగున కట్టుకుని వెళ్ళింది. పెద్దకార్యం ఆ ముక్కతోనే జరిగిపోయింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

మిగతా పదహారు ఫోన్లూ నా ఎదురుగానే చేశారు. అందరికీ అదే మాట: మీ ఫొటోలు పోయేయి, ఇంట్లో ఆల్బం బద్రంగా సూసుకోండి, తెత్తే నకలు తీసి దాసుకుంటాం. అడగని వాళ్ళకి ఎదురెళ్ళి తప్పు ఒప్పుకునే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, నిర్ఘాంతపోయి వింటూ కూర్చున్నాను. కొందరు నవ్వేశారు, కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. కుదిరిన పెళ్ళి బేరాలు రెండు ఆ వారంలోనే చెయ్యిజారాయి. అందరికంటే ఎక్కువ తిట్టిన రాంబిల్లి రైతు నాలుగో రోజున కొడుకు పెళ్ళి ఆల్బం గోనెసంచిలో వేసుకుని దిగాడు. "ఇదిగో, తీసుకో నకలు. ఈసారి పోగొట్టేవంటే సూడు మరి!" అని బల్ల మీద పడేశాడు.

ఒక్కో పేజీ స్కాన్ చేస్తున్నాను. ఊరేగింపు ఫొటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. పెళ్ళికొడుకు పక్కన, భుజమ్మీద చెయ్యేసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు ఎల్లాజీ. స్నేహితుడి పెళ్ళికి వచ్చాడన్నమాట. వారం రోజులు ఆ గోరంత బొమ్మకేసి చూసి చూసి ఆ మొహం నాకు కంఠతా వచ్చేసింది. కేక పెట్టాను. భాయ్ పరుగెత్తుకొచ్చారు. మర్నాడు నూకరత్నం చేతిలో ఆ పెద్ద ఫొటో పెట్టాం. ఆవిడ వెంటనే ఏడవలేదు. వేలితో పెదవి దగ్గర తడిమి, "ఇదుగో, ఇరిగిన పన్ను. ఇదీ ఆయన మొకం," అంది. తర్వాత ఘొల్లుమంది. నేనూ ఆపుకోలేకపోయాను.

ఆ సాయంత్రం మనసు తేలికపడి, భాయ్ కాగితాన్ని కంప్యూటర్ జాబితాతో సరిచూసి మూసేద్దామని కూర్చున్నాను. ఈసారి మాత్రం చివరి పేజీ దాకా చదివాను. పదిహేడు కాదు, పద్దెనిమిది ఫోల్డర్లున్నాయి. ఆఖరిదానికి ఇంటిపేరు లేదు, ఊరు సంబంధం ఏమీ లేవు. 'మెహరున్నీసా పూడిమడక సముద్రం మొదటిసారి నీళ్ళలో దిగింది చెప్పులు చేత్తో పట్టుకుంది ఫొటో వద్దంది నవ్వింది.' ఆవిడ పేరు నాకు తెలుసు, భాయ్ భార్య.

"భాయ్... ఈ ఒక్కటీ..." అన్నాను ఎలాగో.

ఆయన లెన్సు తుడుస్తూ తలెత్తలేదు. "ఆవిడికి ముందే సెప్పేసేనమ్మా. మొన్న శుక్రవారం ఖబరస్తాన్‌కెళ్ళినప్పుడు," అన్నారు. లెన్సుకి మూత పెడుతూ, "నీ పేరు సెప్పలేదులే. నేను పెట్టిన పేరే పొడుగైపోయిందన్నాను," అన్నారు.

భాయ్ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు నాకు సొంతంగా చిన్న ఆల్బమ్ షాపు ఉంది. పొరపాటు జరిగితే, వాళ్ళు కనిపెట్టకముందే ఫోన్ చేసి చెబుతాను. ప్రతిసారీ తిట్లు పడతాయి, అయినా చేస్తాను. ఆయనకి చెప్పాల్సిన మాట మాత్రం ఆ సాయంత్రం నేను చెప్పలేదు. క్షమించండి భాయ్ అని ఒక్క ముక్క. ఆ తర్వాత రెండేళ్ళు రోజూ ఎదురుగా కూర్చుని పనిచేశాను, అయినా నోరు పెగల్లేదు.