పండగపూట నీళ్ల వంతు

ఊళ్లో అందరూ అతన్ని గడియారం అనే పిలిచేవారు. కాలువ నీళ్లను చేలకు వంతులవారీగా పంచడం అతని పని. భుజాన పార, ఇంకో భుజాన గుడ్డసంచి, ఆ సంచిలో పాత అలారం గడియారం. అది మోగితే ఒక చేను తూము మూసి మరో చేను తూము తీసేవాడు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. అందరికీ సమానంగా పంచి, అందరి చేతా సమానంగా తిట్లు తిన్న మనిషి ఎవరైనా ఉంటే అది అతనే. పైచేలవాళ్లు అతను కొసవాళ్లకు దోచిపెడుతున్నాడనేవారు. కొసవాళ్లేమో పైవాళ్ల మనిషి అనేవారు. ఇద్దరికీ ఒకటే జవాబు, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు." అనేసి తన దారిన పోయేవాడు.

కాలువ కొసన అతనికీ ఒక చిన్న పొలం చెక్క ఉంది. పంచేవాడు ముందుగా తీసుకోకూడదని, అందరి వంతులూ అయ్యాక చివర్న తన వంతు పెట్టుకున్నాడు. దీన్ని ఎవరూ మెచ్చుకోలేదు. కనీసం గమనించను కూడా లేదు.

అతనికి లేనిదల్లా క్రిస్మస్. పండగ కదా అని కాలువ ఆగదు. ఆ రోజు ఆరాధనలో ఒక్కొక్కరూ లేచి, ఆ ఏడు తమకు జరిగిన మేలు చెప్పి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. ఎవరి ఆవు ఈనిందో, ఎవరి మోకాలి నొప్పి తగ్గిందో, అన్నీ అతను ఏటా గట్టు మీద కూర్చుని చర్చి మైకులోనే వినేవాడు. ఆవుకూ మోకాలికీ వానకూ వంతు వచ్చింది గానీ కాలువ మీది మనిషికి ఎప్పుడూ రాలేదు. అందుకు నొచ్చుకున్నాడా అంటే, నొచ్చుకున్నాడు. ఒక్కసారి తనూ లేచి నాలుగు ముక్కలు చెప్పాలనీ ఉండేది. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ ఏడు ఆమె పట్టుబట్టింది. తెల్ల చొక్కా కుట్టించి మంచం మీద పెట్టింది.

"పండగనాడు ఎవరిది వంతు?"

"కొసచేను అక్కది. తొమ్మిది నుంచి పదకొండు. ఆ తర్వాత గంట మనది."

"ఊరంతా చర్చిలోనే ఉంటే ఇంక నీళ్లు ఎత్తుకుపోయేదెవరు? తూము తీసేసి వచ్చెయ్యండి."

మాటలో న్యాయం ఉంది. మామూలు రోజుల్లో అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. గట్టు ఎవరు తెంపారని అడిగితే ఒక్కడూ నోరు విప్పడు. కానీ ఆ పూట ఆ చేతులన్నీ ప్రార్థనలో జోడించి ఉంటాయి. సరిగ్గా తొమ్మిదికి పైతూములన్నీ మూసి, కొసచేను తూము తీసి, రెండుసార్లు చూసుకుని బయల్దేరాడు. మనుషుల గురించి అంతా ఆలోచించాడు. కాలువ గురించి ఆలోచించలేదు.

చర్చిలో గుమ్మం పక్కనే, చివరి వరసలో కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. చెప్పాల్సిన నాలుగు ముక్కలూ మనసులో మళ్లీ వల్లించుకుంటున్నాడు. అప్పుడు ముందు వరసలోంచి కొసచేను అక్క లేచి మైకు అందుకుంది. వంతు రోజున ఆవిడ చేను వదిలి కదిలే మనిషి కాదు.

"మావారు పోయి తొమ్మిదేళ్లయింది. వంతు రోజున ఎవర్నీ నమ్మక నేనే కాపలా ఉండేదాన్ని. పైరు పొట్ట మీదుంది, కంకి వేసే వేళ. ఈ తడి తప్పితే మళ్లీ తొమ్మిది రోజులకు గానీ రాదు, అప్పటికి సగం తాలు గింజలే. అయినా ఈసారి వచ్చి నిమ్మళంగా కూర్చున్నాను. ఎందుకంటే కాలువ మీద మన గడియారం ఉన్నాడు. అలాంటి మనిషిని మనకిచ్చినందుకు దేవుడికి స్తోత్రం."

"ఆమేన్" అన్నారందరూ. అతన్ని తిట్టినవాళ్లే గట్టిగా అన్నారు.

ఇరవై ఆరేళ్లు ఎదురుచూసిన మాట వచ్చింది. మింగలేడు, కక్కలేడు. గుమ్మం రెండడుగుల దూరంలో ఉంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చప్పుడు చేయకుండా జారుకుంటే ఆ మాట అతనికే ఉండిపోతుంది. ఆ మాట అతనికి కావాలి, చాలా కావాలి. ఒక కాలు గుమ్మం దాటింది కూడా.

మళ్లీ లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేనిక్కడున్నాను. కాలువ మీద ఎవరూ లేరు."

ఇన్నాళ్లూ వల్లించుకున్నదాంట్లో ఈ ముక్క లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు నోరు తెరిచేలోగా అతను రోడ్డు మీద పరుగెడుతున్నాడు.

నీళ్లు ఎవరూ ఎత్తుకుపోలేదు. పైనుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క కలుపు కొసచేను తూముకు అడ్డంపడి, గుట్టగా పేరుకుంది. నీళ్లు గట్టు మీదుగా పొర్లి వాగులోకి పోతున్నాయి. చేలో మూడు మడులు తడిసి, మిగతావి పొడిగా ఉన్నాయి. అతను కొత్త చొక్కాతోనే కాలువలో దిగి డెక్క లాగడం మొదలుపెట్టాడు. కాసేపటికి పక్కన ఇంకో మనిషి దిగిన చప్పుడైంది. కొసచేను అక్క చీర పైకి దోపుకుని, అతను లాగింది లాగినట్టు గట్టు మీదికి విసిరింది. నీళ్లకు దారి తెరుచుకునేసరికి పదిన్నర దాటింది.

"తప్పయిపోయింది అక్కా" అన్నాడు.

ఆవిడ చేతులు కడుక్కుంది.

"మైకులో అన్న మాట వెనక్కెలా తీసుకుంటాను తమ్ముడూ, ఊరంతా వింటే? అది నీ దగ్గరే ఉంచుకో. పోయిన గంట నీళ్లు మాత్రం నాకు కావాలి."

పదకొండుకు సంచిలో అలారం మోగింది. అతని వంతు. అతని చెక్కలో పైరు కూడా పొట్ట మీదే ఉంది. అతను అలారం నొక్కి ఆపాడు. తూము ముట్టుకోలేదు. ఆవిడ చూసింది. మైకులో ఎవరిదో ఆవు ఈనింది. పన్నెండయ్యేదాకా ఇద్దరూ గట్టు మీద కూర్చుని, ఆవిడ చేలోకి పోతున్న నీళ్లు చూశారు.