శవం వేషం వేసినాయన నవ్వాలి

సినిమా సెట్లో స్టిల్ ఫొటోగ్రాఫర్ అంటే అందరికీ అడ్డం వచ్చేవాడు. షాట్ తీసేటప్పుడు దగ్గరకి రానివ్వరు. షాట్ అయ్యాక "స్టిల్" అని నేను అరిచేలోపు హీరోగారు కుర్చీలో కూలబడి ఫోను చూసుకుంటుంటారు. మళ్ళీ లేచి అదే మొహం పెట్టమంటే ఆయనకి విసుగు. రేపు పోస్టర్ మీద బొమ్మ బాగోకపోతే తిట్లు మాత్రం నాకే. నా నోరు మంచిది కాదని యూనిట్లలో పేరుంది. ఈ పనిలో ఉంటే ఎవరి నోరు మంచిగా ఉంటుంది, నా ఖర్మ కాకపోతే!

ఒక్క ఫొటోకి మాత్రం వాళ్ళే నన్ను వెతుక్కుంటూ వస్తారు. సినిమాలో ఎవరైనా శవంగా పడుకుంటే, షాట్ ఓకే అయ్యాక ఆ మనిషిని లేపి, దండలు తీయించి, నవ్వమని ఒక స్టిల్ తీయాలి. ఉత్తుత్తి చావు నిజం కాకూడదని. ఆ తర్వాత దిష్టి తీస్తారు. ఎంత పెద్ద నటుడైనా ఆ నవ్వు ఫొటో పడకుండా కారెక్కడు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా ఎప్పుడూ మానలేదు, ఎందుకొచ్చిన గొడవ అని.

ఆ రోజు రాజమండ్రికి దిగువన ఒక గోదావరి రేవులో తీస్తున్నాం. సీనులో హీరో తండ్రి శవయాత్ర. శవంగా పడుకోవాల్సిన ఆర్టిస్టు పొద్దున్నే జ్వరమని ఫోన్ చేశాడు. మేనేజరు లబోదిబోమంటూ, షూటింగ్ చూడ్డానికొచ్చిన ఊరి జనాన్ని బతిమాలడం మొదలుపెట్టాడు. ఎవరు ఒప్పుకుంటారు? పాడె మాట వినగానే తలోదిక్కు చూశారు. ఒకాయన మాత్రం ముందుకొచ్చాడు. యాభై దాటినట్టున్నాడు, ఎదురుగా గోదారి మధ్యనున్న లంకలో కూరగాయలు పండించే రైతట. "ఆయ్, నేను పడుకుంటానండి" అన్నాడు.

ఆయన పడుకున్న తీరుకి డైరెక్టరు మురిసిపోయాడు. మామూలుగా శవం వేసేవాళ్ళతో తల ప్రాణం తోకకొస్తుంది. రెప్పలు అదురుతాయి, ఈగ వాలితే ముక్కు ఎగరేస్తారు. ఈయన కదిలితే ఒట్టు. నలుగురు పాడెని భుజానికెత్తుకుని రేవు మెట్లు దిగడం, వెనకాల ఆడవాళ్ళు గుండెలు బాదుకుని ఏడవడం, ఇదే మళ్ళీ మళ్ళీ తీశారు. మధ్యలో దించి, లేచి మంచినీళ్ళు తాగండంటే వద్దని చెయ్యి ఊపి అలాగే పడుకున్నాడు.

షాట్ ఓకే అన్నాక ఆయన్ని గట్టు మీద నిలబెట్టి నవ్వమన్నాను. నవ్వలేదు. సిగ్గేమోనని నా పాత జోకులు వదిలాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ ఆయన మొహం మారలేదు. వెలుతురు పోతోంది, మేనేజరు తొందరపెడుతున్నాడు, నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏంటండీ, కాస్త పళ్ళు కనిపిస్తే మీ సొమ్మేం పోతుందని విసుక్కున్నాను.

అంతలో ఆయన భార్య వచ్చింది. మీ ఆయన పాడెక్కాడని, నవ్వు ఫొటో పడకపోతే కీడని ఎవరో ఫోన్ చేసి చెప్పారట. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆయన చొక్కాకి అంటుకున్న పూరేకులు గబగబా దులిపింది. నవ్వు ఫొటో అయిందా అని నన్నడిగింది. ఇంకా లేదంటే, అది పడేదాకా ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళేది లేదంది. నిరుడు వరదల్లో వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు లంక నుంచి పశువులకి గడ్డి తెస్తుంటే పడవ తిరగబడిందట. మనిషి దొరకనే లేదు. ఇప్పుడు ఈయనకి కూడా ఏమైనా అయితే తనకి ఎవరూ లేరని ఏడ్చింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "నా కోసం ఒక్కసారి నవ్వండి" అని బతిమాలింది. ఆయన గోదారి వైపు తిరిగాడు.

"మనవాడికి దర్భలతో బొమ్మ చేసి తగలెట్టాం కదే" అన్నాడు. "ఆ బొమ్మని చేటలో పెట్టుకుని నేనొక్కణ్ణే పట్టుకెళ్ళాను. వాణ్ణి నలుగురు మొయ్యలేదు. ఇవాళ మోశారు. నేను కళ్ళు మూసుకుని, పాడె మీద ఉన్నది వాడే అనుకున్నాను. ఇప్పుడెలా నవ్వమంటావు?"

ఆ మాట ఆవిడకి కూడా కొత్తేనని మొహం చూస్తే తెలిసింది. ఆయన చేతులు వదిలేసింది. పక్కన జనరేటర్ మోగుతూనే ఉంది, లైట్లవాళ్ళు సామాను మోస్తూనే ఉన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. కెమెరా దించేసి అటు తిరిగి నుంచున్నాను.

కాసేపటికి ఆవిడే నా దగ్గరకి వచ్చింది. మోసేటప్పుడు తీసిన ఫొటోలు చూపించమంది. నాకు భయమేసింది. కట్టుకున్నవాణ్ణి పాడె మీద చూసి ఈవిడ తట్టుకుంటుందా? వద్దమ్మా అన్నాను, వినలేదు. కెమెరా వెనక తెర మీద ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. ఆయన మొహం కనపడినప్పుడల్లా తల పక్కకి తిప్పుకుంది. ఒకటి రిహార్సల్లో నేను కింది మెట్టు మీద కూర్చుని తీశాను. దగ్గరగా బొటనవేళ్ళు కలిపి కట్టిన పాదాలు, అటూ ఇటూ మోసేవాళ్ళ భుజాలు. మొహం పూల వెనక ఉండిపోయింది. అక్కడ ఆపమంది. పెద్దది చేయమంటే చేశాను. తెర మీద ఆ పాదాల్ని వేలితో మెల్లగా తడిమింది.

మరి నవ్వు ఫొటో ఎలాగమ్మా అని నేనే అడిగాను.

"ఆయన్నింక నవ్వమనకండి బాబూ" అంది. "ఇదొకటి ప్రింటు తీసివ్వండి చాలు. మావాడివీ అచ్చం ఇవే పాదాలు."