పెండ్లిపిల్ల చూపు బ్యాండు మాస్టర్ మీద

రెండేండ్ల కింద, మే నెల. లక్సెట్టిపేటల ఒక ఫంక్షన్ హాలు. ఆ రోజు ఎండ ఎట్లున్నదంటే, గోదావరి కూడా నీడ వెతుక్కుంటూ ధర్మపురి గుడి మెట్లెక్కి కూసున్నదని నేను ప్రమాణం చేసి చెప్త. నా ట్రైపాడ్ మూడు కాళ్లల్ల ఒకటి, నేను చూస్తుండంగనే, నీడలకు జరిగింది.

నేను పెండ్లిళ్లకు వీడియోలు తీస్త. ఇన్నేండ్లల్ల నేను తీసిన తలంబ్రాల బియ్యమంతా జమ చేస్తే మంచిర్యాల జిల్లాకు ఒక ఏడాది రేషన్ వెళ్తది. మా ధంధాల ‘రియాక్షన్ షాట్’ అని ఒకటుంటది. కింద పెండ్లిపిలగాడు ఊరేగింపుతోని వస్తుంటే, పైన బాల్కనీల నిలబడ్డ పెండ్లిపిల్ల అతన్ని చూసి సిగ్గుతోని నవ్వాలె. ఆ నవ్వు దొరికిందా, వీడియో మొత్తం దొరికినట్టే. దొరకలేదా, వాళ్ల పిల్లల పెండ్లిళ్ల దాక మనల్ని తిడుతనే ఉంటరు.

ఆనాటి పెండ్లిపిల్ల పేరు స్వప్న. సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సు. ఆమె చీరకు పెట్టిన పిన్నులన్నీ కరిగిస్తే ఒక కరెంటు స్తంభం పోయొచ్చు. ఆమెను బాల్కనీల నిలబెట్టి, కెమెరా ఆన్ చేసి, కింద గుర్రం మలుపు తిరిగేదాక ఆగిన.

గుర్రం ముంగట ఖాజా మియా బ్యాండు. ఆయన ట్రంపెట్ అందుకున్నడంటే కొండగట్టు కోతులు కూడా కొబ్బరిచిప్పలు పక్కకు పెట్టి ఎగుర్తయని మా దిక్కు పేరు. అరవై దాటినా ఊపిరి తగ్గలే. తొడుక్కున్నది మాత్రం ఎర్ర మఖ్మల్ కోటు, గొంతుదాక ఇత్తడి గుండీలు. ఆ కోటును హిమాలయాలకు పంపితే అవి కూడా ఉక్కపోస్తున్నదని తిప్పి పంపుతయి. పైనుంచి ఆయనకొక నియమం. ఊరేగింపు ముగిసేదాక నీళ్లు ముట్టడు. కడుపుల నీళ్లుంటే ఊపిరి నిండదని, మధ్యల పక్కకు పోవాల్సొస్తే పాట తెగుతదని ఆయన ఉస్తాద్ చెప్పిండట. నలభై ఏండ్ల సంది అదే పాటిస్తుండు.

“చెల్లె, జర పిలగాని దిక్కు చూసి నవ్వు” అన్న.

ఆమె చూస్తలేదు. కనుబొమ్మలు ముడేసి ఇంకెటో చూస్తున్నది.

“అన్నా, గా బ్యాండాయన మొఖం మీద చెమట ఉన్నదా? జూమ్ చేసి చెప్పు.”

నాకు మస్తు కోపమొచ్చింది. మొగుడు గుర్రమెక్కి వస్తుంటే బ్యాండాయన చెమట లెక్క ఎందుకు? అయినా జూమ్ చేసిన. పెండ్లిపిలగాని షేర్వాణీ పిండితే రెండెకరాల నాటు పడ్తది. డోలు కొట్టే మల్లేశం గడ్డం నుంచి నల్లా తిప్పినట్టు కారుతున్నది. ఖాజా మియా నుదురు మాత్రం వేయించిన అప్పడం. పెదవులు పగిలినయి, కండ్లు లోపలికి పోయినయి. ట్రంపెట్ మూతికి దొరకక చెంపకు తగులుతున్నది.

“పొడిగున్నది చెల్లె” అని నేను తలెత్తేసరికి పక్కన ఎవరూ లేరు. మెట్ల మీద గాజుల చప్పుడు మాత్రం వినబడ్డది. కెమెరా పట్టుకోని ఎనుక ఉరికిన.

మేం కిందికి పోయేసరికి ఖాజా మియా తూలి రోడ్డు మీద కూలబడ్డడు. ఇది ఏ ఊరని మల్లేశాన్నే అడుగుతుండు. పెండ్లిపిలగాని మేనమామ, ఈ బ్యాండాయన పొద్దుగాలనే మందేసి వచ్చిండు, పక్కకు గుంజి పడేయిండ్రని హుకుం ఇచ్చిండు. మా ఉస్తాద్ జిందగీల చుక్క ముట్టలేదని మల్లేశం మొత్తుకుంటుంటే ఇనేటోళ్లు లేరు. ఇంకొకాయన నీళ్ల సీసా మూత తీసి నోట్ల పొయ్యబోయిండు.

“ఆగుండ్రి” అన్నది స్వప్న. “తాగిన మనిషి గాదు, ఎండదెబ్బ. మాట తడబడుతుంటే నోట్ల నీళ్లు పొయ్యద్దు, ఊపిరితిత్తులకు పోతయి.”

ఆమె ఆయన చెయ్యి మీది తోలును గిచ్చి వదిలింది. గిచ్చిన తోలు గుడారం లెక్క నిలబడ్డది గాని దిగలే. ఒంట్ల నీళ్లు ఇంకిపోయినయనేటందుకు అదొక గుర్తట, డీహైడ్రేషన్ అంటరు. అంబులెన్స్‌కు ఫోన్ చేయించింది. హాల్ల నీడకు మోపిచ్చి, గుండీలు పీకి కోటు ఇప్పిచ్చి, మంటపం ముంగటి కూలర్‌ను ఆయన దిక్కు తిప్పిచ్చింది. కూల్ డ్రింకుల డ్రమ్ముల ఐసునీళ్లల్ల బట్టలు ముంచి మెడకు, చంకలకు పెట్టుడు మొదలుపెట్టింది. గోరింటాకు చేతులతోని ఆమె బట్టలు పిండుతుంటే, యుద్ధభూమిల సేనాపతి కూడా అంత తొందరగ హుకుములు ఇయ్యలేడనిపించింది.

ముహూర్తం దాటిపోతున్నదని మేనమామ గునిసిండు. అందరం పెండ్లిపిలగాని తల్లి దిక్కు చూసినం. కాబోయే అత్త, కట్నకానుకల పట్టుచీర, మొఖం కందగడ్డ. ఆమె సీదా వచ్చి, కొత్త కోడలి పక్కన కింద కూసోని, తమ్మునితోని ఒక్కటే మాటన్నది.

“ముహూర్తం సంగతి అయ్యగారు చూస్కుంటడు. నువ్వు ఐసు పట్కరా.”

ఆ మేనమామ ఐసు తెచ్చిన స్పీడుకు గుర్రం సిగ్గుపడ్డది.

జరసేపటికి ఖాజా మియా చూపు కుదురుకున్నది. మల్లేశాన్ని గుర్తువట్టి, పాట ఎందుకు ఆపిండ్రని అడిగిండు. మాట సక్కగొచ్చి, గుటక పడుతున్నదని చూసుకున్నంకనే స్వప్న ఓఆర్ఎస్ తెప్పిచ్చి తాపింది. అంటే ఉప్పు, చక్కెర కలిసిన పొడి. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లల్ల కలపాలె, సగం సగం కలుపుడు లేదు. అంబులెన్స్ రాంగనే దవాఖానకు తీసుకపోయిండ్రు. అయ్యగారు ఇంకొక మంచి గడియ వెతికిండు. స్వప్న మేకప్ అంతా కారిపోయిన మొఖంతోనే పీటల మీద కూసున్నది. అంత అందమైన పెండ్లిపిల్లను నా కెమెరా అంతకుముందు చూడలే, తర్వాత చూడలే.

సాయంత్రం సాగనంపినంక ఆమె కారును దవాఖాన కాడ ఆపిచ్చింది. కెమెరా పట్టుకోని నేను కూడా ఎనుకనే పోయిన. సెలైన్ పెట్టుకోని పండుకున్న ఖాజా మియా ఆమెను చూసి లేవబోయిండు. ఆయన దండాలు, దీవెనలు ఆమె ఏం పట్టించుకోలే.

“చాచా, మూత్రం వచ్చిందా? ఏ రంగుల ఉన్నది?”

“బిడ్డా, పెండ్లి బట్టలల్ల వచ్చి గిదా అడిగేది?”

“చెప్పు చాచా.”

ఆయన గోడ దిక్కు తిరిగి చిన్నగ చెప్పిండు. “పొద్దుగాల డికాషన్ లెక్క ఉండె. ఇప్పుడు నిమ్మరసం.”

అప్పుడు నవ్వింది స్వప్న. చెవుల బుట్టలు ఊగేటట్టు, కండ్లల్ల నీళ్లు తిరిగేటట్టు. నా కెమెరా ఆన్‌లనే ఉన్నది.

ఇప్పుడు ఖాజా మియా పాటకు పాటకు నడుమ ఉప్పేసిన మజ్జిగ తాగుతుండు. ఊపిరి తగ్గుడేమో గాని, కోతులు ఇంకా ఎత్తు ఎగురుతున్నయట. ఎండాకాలం కోటు కూడా బంద్. దప్పిక అయ్యేదాక ఆగద్దని స్వప్న ఆయనతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. ఎండదెబ్బ తగిలినోళ్లందరికీ చెమట ఆగాలెనని లేదని, తూలినా, మాట తడబడినా తాగిండని తీర్మానం చేసేముందు మనిషిని నీడకు తేవాలెనని నాకు చెప్పింది. అప్పటి సంది నా సంచిల బ్యాటరీల పక్కన ఓఆర్ఎస్ ప్యాకెట్లుంటున్నయి. ఏ పెండ్లిల అయినా నా మొదటి జూమ్ బ్యాండోళ్ల మీద, వంటోళ్ల మీద, గుర్రం పట్టేటాయన మీద పడ్తది.

దవాఖానల ఆ నవ్వును నేను పారేయలే. వీడియోల పెండ్లిపిలగాడు గుర్రమెక్కి వచ్చే కాడ అతికిచ్చిన. చూసినోళ్లందరూ ఇప్పటికీ, మొగుణ్ణి చూసి ఎంత మురిసిందో అంటున్నరట. మొగునికి అసలు సంగతి తెలుసు. ఆ ముక్కను తీసెయ్యద్దని నాకు ఫోన్ చేసి చెప్పింది అతనే.