బుజ్జి వీపు, మా అత్త బొటనవేలు

ఎల్లారెడ్డిలో మా వాడకట్టులో మా అత్త నర్సవ్వకు ఒక పేరుంది. ఆమె తునికాకు ఎన్నడూ ఎండదు. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఆకును తడిపి, గోనెగుడ్డలో చుట్టి, వెలుతురు సొరని ముందు గది మూలన పెడుతుంది. పొద్దున తీసి బొటనవేలితో ఒత్తి చూస్తుంది. మెత్తగా లొంగితే పదునుకు వచ్చినట్టు. పెళుసుగా ఉంటే గుడ్డ సరిగ్గా తడపలేదని సాయంత్రం దాకా నాకు అక్షింతలే.

అలాంటి ఇంటికి మా ఆయన మల్లేష్ ఒకనాడు కామారెడ్డి నుంచి తాబేలు పిల్లను తెచ్చాడు. చేపల తొట్టెలు అమ్మే దుకాణంలో దొరికిందట. కళ్ల వెనక ఎర్రటి గీత, అరచేతిలో పట్టేంత ఒళ్లు. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని ఎవరో చెప్పారు, ఈయన నమ్మాడు.

"ఏందిరా ఇది? దీన్నెవలు సాకుతరు?" అని అత్త ఇంతెత్తున లేచింది.

మూడో రోజుకు ఆమే దానికి బుజ్జి అని పేరు పెట్టింది. వారం తిరిగేసరికి నన్ను ముట్టనివ్వడం మానేసింది. నాకు నవ్వూ వచ్చింది, కొంచెం కడుపు మండింది కూడా. ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారైనా అంత ముద్దుగా పిలిచిందా!

బుజ్జి ఉండే టబ్బును ఆకు పక్కనే, అదే చీకటి మూలన పెట్టింది. పైన తడి గోనెగుడ్డ కప్పింది. తిండి అన్నం మెతుకులు. ఎండ పొడ తగలకుండా ఆకును కాపాడినట్టే దాన్నీ కాపాడింది. నాకు మాత్రం ఏం తెలుసు? నేనూ ఆమె పక్కన బీడీలు చుట్టే చాట ముందు కూర్చునేదాన్నే.

ఆరు నెలలయ్యాక ఒకరోజు నీళ్లు మారుస్తూ దాని వీపు ఒత్తి చూసింది. "వనజా, సూడే, ఎంత మంచిగ పదునుకొచ్చిందో!" అని మురిసిపోయింది.

నేనూ ఒత్తాను. డొప్ప నా వేలి కింద లోపలికి దిగింది. పట్టి చూస్తే వీపు నడుమ గూనిలా లేచి ఉంది, అంచులు పైకి వంకర తిరిగాయి. నేల మీద వదిలితే కాళ్లు ఈడ్చిందే కాని ఒళ్లు లేపలేకపోయింది.

"తాబేలు డొప్ప రాయి లెక్క ఉండాలె గద అత్తా" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

మర్నాడు డబ్బా మూతకు బెజ్జాలు పొడిచి, బుజ్జిని అందులో పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కాం.

"ఏందవ్వా డబ్బల?" అన్నాడు కండక్టరు.

"తాబేలు బిడ్డా. దవాఖానకు తీస్కపోతున్నం."

"ఆడదా, మొగదా? ఆడదైతే ఫ్రీ."

"ఆడదే. ఆధార్ కార్డే ఇంక రాలే" అంది అత్త.

బస్సంతా గొల్లున నవ్వింది. నవ్వనిది ఆమె ఒక్కతే. దిగేదాకా డబ్బా మూత మీది చెయ్యి తీయలేదు.

పశువుల డాక్టరు కృపాజ్యోతి మేడం బుజ్జిని తిప్పి తిప్పి చూసింది. "దీన్ని ఎక్కడ ఉంచుతున్నరవ్వా?" అని అడిగింది.

అత్త గర్వంగానే చెప్పింది. "మా బీడీల ఆకు లెక్కనే మంచిగ తడిగుడ్డ కప్పి నీడపట్టున పెడ్తున్న మేడం. ఎండ తగిల్తే పాడైతది గద!"

"అది ఆకుకవ్వా. దీనికి ఎండనే బలం. ఎండ లేక, సరైన తిండి లేక డొప్ప మెత్తబడి వంకర వోయింది."

"బతుకుతదా?"

"రోజూ పొద్దటి ఎండ సూపెట్టు. ఎక్కి కూసోను ఒక రాయి పెట్టు. చిన్న చేపలు, ఆకుకూర, నేనిచ్చే కాల్షియం వెయ్యి. గట్టిపడితే బతుకుతది. గూని మాత్రం పోదు."

తిరుగు బస్సులో అత్త, "నా చేతులతోని నేనే పాడు చేసిన పిల్లా" అంది. నన్ను తిట్టని మా అత్తను చూడటం అదే మొదటిసారి. నాకేం బాగనిపించలేదు. తిడితేనే బాగుండు అనుకున్నాను.

తెల్లారి నుంచి ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. పొద్దున అరగంట చాట ముట్టేది లేదు. టబ్బు వాకిట్లోకి వచ్చేది, పక్కన కాకుల్ని కొట్టడానికి కట్టె పట్టుకుని అత్త. నలభై ఏళ్లలో ఆమె పని లేకుండా ఎండలో కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఎదురింటి హన్మవ్వ ఊరుకుంటుందా?

"ఏం నర్సవ్వా, బీడీలు బందు వెట్టినవా?"

"డ్యూటీల ఉన్న. మాట్లాడియ్యకు."

హన్మవ్వ కూడా పీట తెచ్చుకుని పక్కన చేరింది. తర్వాత మరో ఇద్దరు. ఎండ పుణ్యమో, కబుర్ల పుణ్యమో, మోకాళ్లు పట్టేస్తున్నాయనే మాట మా అత్త నోట తగ్గింది. మబ్బు పట్టిన రోజు మాత్రం ఆకాశాన్ని తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించేవి. కాని బుజ్జి వీపును ఆమె ఒత్తి చూడలేదు. భయం. నాలుగు నెలలు ఆ బొటనవేలు దాని దగ్గరికి పోలేదు.

ఒక పొద్దున, "వనజా! ఉరికిరాయే!" అని కేక. పిండి చేతులతోనే పరుగెత్తాను.

అత్త అరచేతిలో బుజ్జి. "ఒత్తు" అంది.

ఒత్తాను. లొంగలేదు. మళ్లీ ఒత్తాను, గట్టిగా. రాయే.

అత్త కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు. ఏదో ఒకటి అనాలని, "గూని గట్లనే ఉంది గదత్తా" అన్నాను.

"ఉండనియ్యే. నాకు లేదా? నేను నడుస్తలేనా?"

బీడీల ముందు వంగి వంగి వాలిపోయిన నడుము మీద చెయ్యి వేసుకుని, బుజ్జిని నేల మీద వదిలింది. అది ఒళ్లు లేపి, నాలుగు కాళ్ల మీద నిలబడి, ఎండ ఉన్న వైపుకు నడిచింది. వెనకాలే మా అత్త.