బల్లి చెప్పిన సాక్ష్యం

నిన్న ట్యూబులైటు పక్కన బల్లి పలికితే, నా భార్య నేల మీద వేలితో తట్టి "సత్యం" అంది. నేను మాత్రం తట్టలేదు.

చిన్నప్పుడు శింగనమలలో మా పెరట్లో పశువుల మేతకు కుప్పేసిన వేరుశనగ కట్టె వామి కింద ఒక జెర్రిపోతు ఉండేది. ఒకరోజు నా బంతి తగిలి, అవ్వ పొదగబెట్టిన కోడిగుడ్లు పగిలాయి. పెంకులు మట్టిలో పూడ్చేశాను. అవ్వ అడిగితే "పాము తినింది" అన్నాను.

అప్పుడే గోడ మీద బల్లి పలికింది.

అవ్వ నేలను తట్టింది. "ఇన్నావా, బల్లి కూడా చెప్తాండాది!"

"ఉండనీలేమ్మా, ఎలకల్ని పడతాది," అన్నాడు నాయన.

"గుడ్లు తిన్నాక కూడా ఉండనీల్నా? కట్టె తీసుకోరా!"

నాయన వామి కదిలిస్తుంటే నిజం గొంతుదాకా వచ్చింది. కానీ బల్లి అబద్ధం చెప్పదు కదా, ఇంకెప్పుడో వేరే గుడ్లు పాము తిని ఉంటుందిలే అనుకున్నాను. మొదటి దెబ్బ వినపడేవరకు అలాగే అనుకుంటూ నిలబడ్డాను.

ఆ ఏడు విత్తనానికి దాచిన కాయలన్నీ ఎలుకలు తినేశాయి. "ఇన్ని ఎలకలు యాడనుంచి వచ్చినాయప్పా?" అనేవాడు నాయన, చిల్లులు పడిన సంచి పట్టుకుని.

నిన్న తలెత్తి చూశాను. బల్లి దీపం దగ్గరి పురుగును పట్టుకునే పనిలో ఉంది. ఆనాడూ దాని పని అదే. అవ్వ అడిగింది బల్లిని కాదు, నన్ను.