మూడుసార్లు పిలిచిన పేరు

రాజ్యాంగం వచ్చి పుష్కరం కూడా నిండని రోజులవి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. దేశంలోని అన్యాయమంతా నేను నల్లకోటు తొడుక్కునేదాకా ఓపిక పట్టి కూర్చుందని నా నమ్మకం. నెల్లూరులో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియరుగా చేరాను. పగలు ఆయన కాగితాల కట్టలు మోసేవాణ్ణి. సాయంత్రాలు హేతువాద మిత్రులతో చర్చా వేదికలెక్కి దేవుణ్ణీ కులాన్నీ కలిపి ఉతికేవాణ్ణి. ఆ ఊపులోనే నా పేరు చివరనున్న కులం తోకను కత్తిరించి, ఆ సంగతి కరపత్రం వేసి మరీ పంచాను. తోకతో పిలిస్తే పలకనని శపథం పట్టాను. మా నాయనమ్మ అలవాటు కొద్దీ తోకతో సహా అన్నానికి పిలిచింది. పలకలేదు. ఒక పూట పస్తున్నాను. (రెండో పూట ఆవిడ పిలవడమే మానేసింది. నేనే వెళ్లి పీట వేసుకున్నాను.) ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోకపోవడం వల్లే ఇది రాయాల్సి వచ్చింది.

ముత్యాలక్క కేసు మా ఆఫీసుకు వచ్చింది అప్పుడే. ఆమె సముద్రపొడ్డున జాలర్ల పల్లె చివర, తాటాకు ఇంట్లో, తనలాంటి మరో ముగ్గురితో కలిసి ఉండేది. వాళ్లను ఊరు ఏ మాటతో పిలిచేదో మీకు తెలుసు. ఆ మాట నేను రాయను. ఇప్పుడు హిజ్రాలంటున్నాం. ముత్యాలక్క ఎండుచేపలు తట్టలో పెట్టుకుని నెల్లూరు బజారుకొచ్చి అమ్మేది. రెండు మూడు నెలలకొకసారి ఒక కానిస్టేబులు ఆమెను పట్టుకుని, ఆడవేషంలో బజారున తిరిగి జనానికి ఇబ్బంది కలిగించెను అని కేసు రాసేవాడు. ఆమె కోర్టులో "తప్పే దొరా" అని జుల్మానా కట్టి, బయటికొచ్చి మళ్లీ తట్ట ఎత్తుకునేది. అదొక రివాజు. అందుకే మా సీనియరు గారు కాగితం నా వైపు తోసి, "రెండు నిమిషాల పని. తప్పు ఒప్పుకోమని చెప్పి రా" అన్నారు.

నేను ఆ మాట చెప్పడానికి పోలేదు. రాజ్యాంగం పుస్తకం చంకన పెట్టుకుని బస్సెక్కి వాళ్ల ఇంటికే పోయాను. ఇసుకలో ఈతచాప వేసి కూర్చోబెట్టారు. చట్టం ముందు అందరూ సమానులేనని, చీర కట్టుకోవడం నేరం కాదని, తప్పు చేయనివాళ్లు తప్పు ఒప్పుకోవడమే అసలు తప్పని గంటసేపు ఉపన్యసించాను. చివర నలుగురూ చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను. (వాళ్ల చప్పట్లకు చాలా అర్థాలున్నాయని తర్వాత తెలిసింది. ఆ రోజు నేను విన్నవి 'ఇంక చాలించు' అనే చప్పట్లు.)

ముత్యాలక్క మాత్రం చప్పట్లతో వదల్లేదు. "ఏందబ్బయా, తప్పు చేయలేదని చెప్పమంటావా? చెప్పినాక ఒకవేళ జైలుకు తోస్తే?" అంది.

"తోయరు. నేనున్నాను కదా."

"నువ్వు బయటుంటావు. నేను లోపలుంటా. లోపలికి పోతే ముందు మంగలిని పిలిపిస్తారు. మగోళ్ల గదిలో పెట్టి జుట్టు కత్తిరిస్తారు. మా గురువుకు అట్లనే చేసినారు. ఆయమ్మ మళ్లా వీధి మొఖం చూడలా." అంటూ జడ ముందుకు వేసుకుంది. నడుము దాటిన జడ. "పన్నెండేళ్ల జుట్టు ఇది. జుల్మానా కడితే ఇది దక్కుద్ది. నీ పుస్తకంలో దీని సంగతి ఏమన్నా రాసుండారా?"

రాసి ఉందన్నాను. మాట ఇచ్చాను. ఆమె చాలాసేపు నా మొహం చూసి, వకాలతు మీద వేలిముద్ర వేసింది. ఆ వకాలతులో ముద్దాయి పేరు నేనే రాశాను. పోలీసుల చార్జిషీటులో ఉన్నది ఉన్నట్టు దించాను. పుట్టినప్పుడు తల్లిదండ్రులు పెట్టిన మగపేరు అది. మీ పేరేమని రాయమంటారని అడగాలన్న ఆలోచనే రాలేదు.

వాయిదా శనివారం పడింది. ముత్యాలక్క ఉతికిన చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను వరండా రెండో కొసన, వేరే కేసులో వచ్చిన ముగ్గురు రైతులకు ప్రాథమిక హక్కులు వివరిస్తున్నాను. లోపలినుంచి బంట్రోతు తాత బయటికొచ్చి ఒక పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. నేను ఉపన్యాసం ఆపి, "చూశారా, పిలిస్తే పలకాలన్న పౌరబాధ్యత కూడా లేదు మనవాళ్లకు" అని రైతులతో అన్నాను. వాళ్లు అవునవునన్నారు.

పావుగంటకు కానిస్టేబులు కాగితంతో వచ్చి తిన్నగా స్తంభం దగ్గరికి నడిచాడు. "ఏమ్మే ముత్యాలూ, నీ మీద వారంటు ఇచ్చినారు, లెయ్" అన్నాడు. మూడుసార్లు పిలిచినా ఎదురుగా ఉన్న మనిషిని కనుక్కోలేని చట్టానికి, పట్టుకుపోయేటప్పుడు మాత్రం ఆమె అసలు పేరు తెలుసు. పిలిచింది నేను వకాలతులో దించిన పేరేనని అప్పటికి గానీ నాకు తట్టలేదు. నేను పరిగెత్తాను. మేజిస్ట్రేటు గారు అప్పటికే లేచి వెళ్లిపోయారు. మళ్లీ కోర్టు సోమవారం. రెండు రోజులు ఆమె సబ్ జైలులో, మగవాళ్ల గదిలో ఉంది.

సోమవారం పొద్దున కోర్టు వరండాలో చూశాను. కొంగు తలమీదికి లాక్కుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. కొంగు కింద ఏముందో, ఏం లేదో అడగక్కర్లేకపోయింది. ఆమె ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాను. చివరికి అడిగాను, "పిలిచినప్పుడు వినపడలేదా అక్కా?"

"వినపడింది. అయితే? వాడు లేడు కదా. మా గురువు నన్ను చేలాగా, శిష్యురాలిగా చేసుకున్న రోజు సముద్రంలోకి తీసకపోయింది. ఆ పేరు మూడు మాట్లు చెప్పించి ముంచి లేపింది. ఇంక ఎవరు పిలిచినా పలకబాకు, పలికితే పోయినోడు తిరిగొస్తాడు అనింది. పోయినోడికి బదులు నేనెట్టా పలికేది?"

నేను హేతువాదిని. పోయినవాళ్లు తిరిగిరారని వంద సభల్లో నిరూపించినవాణ్ణి. అందుకని నచ్చజెప్పబోయాను. "ఇదంతా నమ్మకం అక్కా. ఒక్కసారి ఆ పేరుకు 'ఉన్నానండీ' అను. కేసు అయిపోతుంది."

ఆమె తల ఎత్తింది. "ఏమయ్యా, నువ్వు పేరుకు తోక కోసుకుని, పిలిస్తే పలక్కుండా అన్నం మానుకున్నావంట. మీ గుమస్తా చెప్పి నవ్వినాడు. నువ్వు చేస్తే అది సంస్కరణ. నేను చేస్తే మూఢనమ్మకమా? జుట్టు పోయింది. ఇంక ఆ పేరు కూడా తగిలించి పంపిస్తావా?"

ఎన్నో వాదనలు గెలిచాను, ఓడాను. ఇంత తక్కువ మాటల్లో ఎవరూ నన్ను ఓడించలేదు. నేరుగా బంట్రోతు తాత దగ్గరికి పోయాను. కోర్టు కాగితంలో పేరు దిద్దించడానికి పిటిషన్ రాస్తానని, ఈలోగా ఏం చేయాలో తెలియడం లేదని చెప్పాను. ఆయన ఆదివారాలు చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి, గొంతు కంచు. నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నేళ్లూ ఆయమ్మను నేను ముత్యాలనే పిలిచినాను బాబూ, పలికేది. శనివారం మీ వకాలతులో ఉండే పేరు పిలవమన్నారు, పిలిచినా" అన్నాడు.

ఆ రోజు ఆయన తలుపు దగ్గర నిలబడి, కాగితం వైపు చూడకుండా, "ముత్యాలూ" అని ఒక్కసారే పిలిచాడు. ఆమె లేచింది. కొంగు తీసి భుజాన వేసుకుంది. కత్తెర గాట్లు పడ్డ తలతో, అట్లాగే, అందరిముందూ నడిచి లోపలికి పోయింది.

"పేరు?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"ముత్యాలు."

"అసలు పేరు?"

"ఇదే దొరా."

ఆయన ఆమె తలను కాసేపు చూశారు. ఇంకేమీ అడగకుండా రాసుకున్నారు. కానిస్టేబుల్ని నేను ప్రశ్నించాను. నా జీవితంలో మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ అది.

"ఈమె ఏం చేసింది?"

"చీర కట్టుకుని పోతా ఉన్నింది సార్."

"ఇబ్బంది ఎవరికి కలిగింది?"

"చూసినోళ్లకి సార్."

"చూసినవాళ్లెవరు?"

అతను టోపీ సర్దుకున్నాడు. "నేనే సార్."

కేసు కొట్టేశారు. ఆ తర్వాత బజారులో ఆమె తట్ట జోలికి ఎవరూ రాలేదు. గెలిచానని ఆ సాయంత్రం మిత్రులు నన్ను అభినందించారు. నేను ఉపన్యసించలేదు. ఇచ్చిన మాట ఒక్కటే, జుట్టు గురించి. అది నిలబెట్టుకోలేకపోయాను. ఆమె నుంచి నేర్చుకున్న హక్కు ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. తనను ఏమని పిలవాలో చెప్పే మొదటి హక్కు మనిషిదే. వకీళ్లది కాదు, పోలీసులది కాదు, కన్నవాళ్లది కూడా కాదు. ఈ రాతలో ఎక్కడా ఆమె ఆ పాత పేరు మీకు కనిపించదు. ఒకసారి రాసి చూశాను, చాలు.

చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి ఎండుచేపలు తెచ్చింది. జడ మళ్లీ నడుము దాటింది, సగం నెరిసింది. నేను తలుపు తీశాను. అప్పటికి నా నెత్తి మీద దువ్వెనకు పనిలేదు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందబ్బయా, నిన్ను ఏ జైల్లో పెట్టినారు?" అంది.

తల తడుముకుని నవ్వాను. కర్మఫలాన్ని నేను నమ్మను, దాని మీద మూడు వ్యాసాలు రాశాను కూడా. అయినా ఆ నున్నటి తలను చూసి ఆమె మనసారా నవ్వుతుంటే, ఆ ఒక్క మధ్యాహ్నానికి వాదించబుద్ధి కాలేదు.