సైరన్ మోగాక లోపలే ఉండేవాళ్లు

కమాలుద్దీన్ గారు కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్లు సేఫ్టీ విభాగంలో పనిచేశారు. సైరన్ మోగిందంటే అందరికంటే ముందు గేటు పక్కన అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్‌కు చేరుకొని, పేర్ల అట్ట పట్టుకొని, బయటికొచ్చే మనుషులను లెక్కపెట్టడం ఆయన పని. ఇన్నేళ్లలో ఆయన పరుగెత్తడం ఎవరూ చూడలేదట. పరుగెత్తేవాడిని చూస్తే పదిమంది పరుగెత్తుతారని ఆయన నమ్మకం. రిటైరై పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నాక కూడా బస్సు వెళ్లిపోతున్నా ఆయన నడిచే వస్తారని భార్య సకీనా గారు ఎగతాళి చేస్తారు.

నేను తెలుగు చెప్పే ప్రభుత్వ హైస్కూలుకు ఆయన వచ్చింది పిల్లలకు అగ్నిప్రమాదాల గురించి చెప్పడానికి. అంతకు నెల ముందు పక్క ఫ్యాక్టరీలో పరీక్ష కోసం సైరన్ మోగిస్తే, మా పిల్లలు నిజమనుకొని మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇద్దరికి చేతులు విరిగాయి. అందుకని మా హెడ్‌మాస్టరమ్మ అన్నపూర్ణ గారు ఆయనను పిలిపించారు. ఆవిడ తండ్రి గుంటూరు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం గుంటూరుదే.

ఆయన వచ్చిన రోజు తొమ్మిదో తరగతికి లెక్కల స్లిప్ టెస్టు జరుగుతోంది. వరండాలో కూర్చొని కిటికీలోంచి చాలాసేపు చూశారు. తరవాత అన్నపూర్ణ గారితో అన్న మాట నేను విన్నాను.

"ఈ మొకాలు నాకు ఎరుకే మేడం. గ్యాస్ లీకైననాడు మావోళ్ల మొకాలు గిట్లనే ఉంటుండె. బయట సైరన్ సంగతి తర్వాత జూద్దాం. వీళ్లకు లోపట మోగుతున్నది."

శనివారం చివరి పీరియడ్ ఆయనకిచ్చారు. ఆయన పిల్లలకు ధైర్యం గురించి ఒక్క మాట చెప్పలేదు. భయపడితే నోరు ఎందుకు ఎండుతుందో, అరచేతులు ఎందుకు చల్లబడతాయో చెప్పారు. అది రోగం కాదని, ఒంట్లోని సైరన్ అని, మోగడం దాని ధర్మమని చెప్పారు. ఫ్యాక్టరీ కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం ఉంటుంది. సైరన్ మోగగానే ముందు ఆగాలి, ఆ గుడ్డ కేసి చూడాలి, గాలికి అడ్డంగా నడవాలి. అలాగే పరేషాన్ అయినప్పుడు ఆ భయం ఎటు నుంచి వస్తోందో చూడమన్నారు. పుస్తకం నుంచా, ఇంటి నుంచా, పక్క బెంచీవాడి వెక్కిరింత నుంచా? తరవాత అక్కడి నుంచి పక్కకు నడిచి, బడి ముందున్న జెండా కట్ట దగ్గర నిలబడి, తన రోల్ నెంబరు చెప్పి, ఏమైందో ఒకరితో ఒక్క వాక్యంలో చెప్పాలి. గంట ఎప్పుడు కొడతారో చెప్పకుండా ప్రతి శనివారం అదే చేయించారు. తెలిసినవాడు ఉరుకుతాడు, అలవాటైనవాడే నడుస్తాడనేవారు.

మహేంద్ర అనే తుంటరి లేచి, "చాచా, మా అమ్మ సైరన్ మోగితే అసెంబ్లీ పాయింట్ యాడ?" అన్నాడు.

"మీ నాయనమ్మ కొంగెనుక," అన్నారాయన, నవ్వకుండా.

ఏడాది తిరిగేసరికి మార్పు మాకే కనిపించింది. పరీక్షల రోజు కడుపునొప్పులు తగ్గాయి. బాత్‌రూమ్‌లో ఏడ్చే ఆడపిల్లలు జెండా కట్ట దగ్గరికొచ్చి నెంబరు చెప్పడం మొదలుపెట్టారు.

అందరిలో ఆ పాఠాన్ని గట్టిగా పట్టుకున్నది రమ్యశ్రీ. ఇంట్లో చకచకా చేసే లెక్కలన్నీ పరీక్ష గదిలో తెల్లకాగితమైపోయే పిల్ల. తొమ్మిదిలో లెక్కలు రెండుసార్లు తప్పింది. తల్లి ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పదో తరగతి తప్పితే చదువు అంతటితో చాలని తేల్చి చెప్పేసింది.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ లెక్కల పరీక్ష. మొదలైన ఇరవై నిమిషాలకు రమ్యశ్రీ లేచి, కాగితం ఇచ్చేసి, మెల్లగా నడుచుకుంటూ జెండా కట్ట దగ్గరికి వెళ్లి నిలబడింది. ఏమైందని నేను పరుగున వెళితే, "పదిహేడు, హాజరు టీచర్. అంతా తెల్లగైంది," అంది. ఏడవలేదు. ఏ తొందరా లేదు. చాచా చెప్పినట్టే చేసింది. ఆమె కాగితంలో మూడు పంక్తులే ఉన్నాయి.

అన్నపూర్ణ గారు ఆయనకు కబురంపి, కుర్చీ వేయించి, టీ తెప్పించి, తరవాత అన్నారు:

"కమాలుద్దీన్ గారూ, మీరు పిల్లలకి బయటికి రావడం నేర్పారండీ. పబ్లిక్ పరీక్షలో బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరు."

ఆయన టీ తాగకుండానే వెళ్లిపోయారు. ఆ శనివారం పీరియడ్‌లో ఆయన తన పాఠం ఆపి, నన్నే పద్యాలు చెప్పుకోమన్నారు.

నాలుగు రోజులకు ఆయన మళ్లీ వచ్చారు. తన పాత కంపెనీలో బాయిలర్ నడిపే చిన్నరాములును వెంట తెచ్చారు. ఒక్క పీరియడ్ అడిగారు. అన్నపూర్ణ గారు ఒప్పుకొని, తాను కూడా వెనక బెంచీలో కూర్చున్నారు.

"నేను మీకు సగమే చెప్పిన," అన్నారు కమాలుద్దీన్ గారు పిల్లలతో. "తప్పు నాది. సైరన్ మోగితే అందరూ బయటికి రారు. ఇద్దరు లోపల్నే ఉంటరు. బాయిలర్ కాడొకరు, ప్యానెల్ కాడొకరు. వాళ్లు ఇడిసిపెట్టి వస్తే అంతా పేలుతది. నేను దినాం బయట నిలవడ్డోన్ని. లోపటి డ్రిల్ నాకు రాదు."

"ఇరవై తొమ్మిదేండ్లు మమ్ముల లెక్కవెట్టినవ్ కమాల్ భాయ్," అన్నాడు చిన్నరాములు. "లోపట ఏం జేసి వస్తున్నమో ఒక్కనాడన్న అడిగినవా?"

పిల్లలు గొల్లున నవ్వారు. కమాలుద్దీన్ గారూ తలూపి నవ్వారు.

చిన్నరాములుకు పాఠం చెప్పడం రాదు. ఒకసారి ఆవిరి పైపు పగిలిన రోజు జరిగింది మాత్రం చెప్పాడు. ముందు మొత్తం బాయిలర్‌ను చూడనని, చూస్తే కాళ్లు పారిపోతాయని అన్నాడు. లాగ్‌బుక్ తీసి టైమ్ రాస్తాడు. గేజీలో ముల్లు ఎక్కడుందో ఆ అంకె రాస్తాడు. ఆ రెండూ రాసేసరికి చేయి తన పనిలో పడుతుంది. అప్పుడు ఒక్క వాల్వ్ తిప్పుతాడు. దాని తరవాతే ఇంకోటి.

రమ్యశ్రీ లేచి నిలబడింది. భయం పోయినంక రాస్తారా, రాసినంక భయం పోతుందా అని అడిగింది.

"భయం యాడికీ పోదు బిడ్డా. వణికే చేత్తోనే రాసిన. నా లాగ్‌బుక్కుల ఆనాటి అంకెలు సూడు, కోడి గెలికినట్టుంటయి. గని అంకె కరెక్టే."

ఆ తరవాత మిగిలిన మూడు వారాలు కమాలుద్దీన్ గారు రోజూ వచ్చారు. లెక్కల టీచరుతో కూర్చొని కొత్త డ్రిల్ తయారుచేశారు. అంతా తెల్లబడితే లేవకూడదు. రఫ్ పేజీ మీద టైమ్ వేయాలి. ఒక్క లెక్క తీసుకొని, వచ్చినా రాకపోయినా 'దత్తాంశం' అని రాసి, ప్రశ్నలో ఉన్న అంకెలను కిందికి దించాలి. మిగతా పేపరు కేసి చూడకూడదు. జెండా కట్ట దగ్గరికి పరీక్ష అయ్యాకే రావాలి. మొదటి రోజు రమ్యశ్రీ రెండుసార్లు లేవబోయి కూర్చుంది. మూడో రోజు ఆమె రఫ్ పేజీ మీద ఐదు టైములున్నాయి. ఆఖరి వారానికి ఒకటే మిగిలింది.

లెక్కల పబ్లిక్ పరీక్ష రోజు కమాలుద్దీన్ గారు తొమ్మిదింటికే సెంటర్ గేటు ఎదురుగా నిలబడ్డారు. నైట్ షిఫ్టు దిగిన చిన్నరాములు ఇంటికి పోకుండా అక్కడికే వచ్చాడు. రమ్యశ్రీ తల్లి గోడవారన కూర్చుంది. తొమ్మిదిన్నరకు పరీక్ష మొదలైంది. తొమ్మిదీ యాభై అవుతుంటే కమాలుద్దీన్ గారు గేటు మీద నుంచి చూపు తిప్పలేదు. పది దాటింది. పదిన్నర దాటింది. ఎవరూ బయటికి రాలేదు. చిన్నరాములు రెండు టీలు తెచ్చాడు. ఈసారి ఆయన తాగారు.

పన్నెండున్నరకు గంట కొట్టారు. మా పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అన్నపూర్ణ గారు కూడా ఆటో దిగారు. అందరికంటే చివర రమ్యశ్రీ వచ్చింది. ముఖం ఎర్రగా, కనుబొమలు ముడిపడి ఉన్నాయి. తల్లి లేచి నిలబడింది. అన్నపూర్ణ గారే అడిగారు.

"ఏమ్మా, ఎలా రాశావు?"

"టైమ్ సాలలే మేడం," అంది రమ్యశ్రీ కోపంగా. "నడుమ ఒక్కపాలి తెల్లగైంది. దత్తాంశం రాసుకుంట కూసున్న, మల్ల లెక్క యాదికొచ్చింది. ఆఖరి లెక్క సగంల ఉండంగ పేపర్ గుంజుకున్నరు. ఇంకో పది నిమిషాలిస్తే ఏం పోతుండె వాళ్లది?"

ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేని పిల్ల మూడు గంటలు చాలలేదని పోట్లాడుతోంది. అన్నపూర్ణ గారు ముందు నవ్వారు, తరవాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రమ్యశ్రీకి ఎనభైకి అరవై ఒకటి వస్తాయని అప్పటికి మాకెవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

"గుంజుకుంటే గని ఇయ్యలేదంట," అన్నాడు చిన్నరాములు కమాలుద్దీన్ గారి భుజం తట్టి. "గీ పిల్ల నీ బయటోళ్ల లెక్కల రాదు భాయ్. మా సెక్షన్."